మార్చి నెల నీళ్లు

"మీరే! మీ ఐదుగురూ, ఆ పక్కన టై బిగించుకుని నిలబడ్డ పెద్దమనిషీ! ఊరి నీళ్లకి చెడ్డపేరు తెచ్చింది మీరు. నేను కాదు, నా ప్లాంటు కాదు, బక్‌హార్న్ కొండ అసలే కాదు. మీరు!"

మైకు కీచుమంది. నిజానికి ఓర్లీన్ స్టిడమ్‌కి మైకు అక్కర్లేదు. ఇరవయ్యారేళ్లు పంపుల హోరు మీద కేకలేసి పనిచేయించిన గొంతు అది. కౌన్సిల్ హాల్లో వెనక వరసలో నిలబడ్డవాళ్లకి కూడా ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ముందు దీనికి జవాబు చెప్పండి. మీ బల్ల మీద ఐదు సీసాలున్నాయి. అంగట్లో కొన్న నీళ్లు. ఊరి కుళాయి మీ వెనక గోడకే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. మీరు నోట పెట్టని నీళ్లని పరాయివాడొచ్చి కొనుక్కోవాలా?"

హార్డ్‌వేర్ షాపు గార్నెట్, కౌన్సిల్‌లో అందరికంటే మొహమాటస్తుడు, తన సీసాని మెల్లగా బల్ల కిందికి దించేసుకున్నాడు.

ఈ కోపం ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలియాలంటే పోయిన వారం చర్చి హాలుకి ఓసారి వెళ్లి రావాలి. స్పర్లాక్ ఊరు ఊరంతా ఆ రోజు అక్కడే ఉంది. రైలు పెట్టెల కార్ఖానా మూతపడిన పదకొండేళ్లకి ఆ ఊరి గుమ్మంలోకి ఒక ఆశ వచ్చి నిలబడింది మరి. ఎక్కడో పడమటి ఒడ్డున, ఆరెగాన్‌లో, ఒక షెడ్డులో మొదలై పెద్దదైన బీరు కంపెనీ, తూర్పున ఇంకో కార్ఖానా పెట్టాలనుకుంది. వాళ్ల సీసా మీద ఒంటి చెవి కంచరగాడిద బొమ్మ ఉంటుంది. అందుకే ఊళ్లో అందరూ ఒంటిచెవి కంపెనీ అంటారు. నూట నలభై ఉద్యోగాలు. దానికోసం మూడు ఊళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తాయి. టెనెసీలో కింగ్స్‌బరో తన పెద్దబజారు పేరు పీకేసి కంచరగాడిద బజారు అని పెట్టుకుంది. కారొలైనాలో ఆష్‌మోర్ నాలుగొందల మందిని ఫుట్‌బాల్ మైదానంలో కంచరగాడిద ఆకారంలో నిలబెట్టి పైనుంచి ఫొటో తీయించింది. వానొచ్చినా కదలనివ్వలేదట, తోక దగ్గరున్నవాళ్లకి జలుబులు చేశాయట. స్పర్లాక్‌లో, పుట్టి బుద్ధెరిగి బీరు చుక్క ముట్టని బాప్టిస్టు చర్చి ఆడవాళ్లు ఒంటి చెవి బిస్కెట్లు రెండు వేలు కాల్చారు.

ఆ బిస్కెట్ల వాసన మధ్యే, ఊరికి పరిశ్రమల్ని రప్పించే అధికారి ప్రెస్టన్ అప్‌చర్చ్, ఆరెగాన్ నుంచి వచ్చిన ఉత్తరం విప్పి చదివాడు. మీ నీళ్లతో పరీక్షకు కాచిన బీరు మందుల షాపు కంపు కొట్టింది, మిమ్మల్ని జాబితాలోంచి తీసేస్తున్నాం, మిగిలిన రెండు ఊళ్లలో ఏదన్నది వచ్చే వారం శుక్రవారం మధ్యాహ్నం ప్రకటిస్తాం. అంతే ఉత్తరం. హాలంతా తల తిప్పి ఓర్లీన్ వైపు చూసింది. నీళ్ల ప్లాంటు నడిపేది ఆవిడే కదా.

ఆ చూపుల్లో తిట్లున్నాయి, అనుమానం ఉంది. వాటిని ఆమె లెక్కచెయ్యలేదు. ఎనభయ్యేళ్ల వెల్డా మే, చేతిలో బిస్కెట్ల పళ్లెంతో, జాలిగా చూసిన చూపు ఒక్కటి మాత్రం కాల్చేసింది. పైగా ఒంటిచెవి రాకపోతే జూన్ నెలాఖరుకి ప్లాంటుకి తాళం వేసి, కౌంటీ బోర్డు దగ్గర నీళ్లు కొనుక్కుందామని కౌన్సిల్ ముందు ఒక కాగితం నలుగుతోంది. కంపెనీ సంగతి తేలేదాకా దాని జోలికి పోనని మేయర్ హోబర్ట్ సైజ్‌మోర్ ఆమెకి మాటిచ్చాడు. అదొక్కటే ఇంకా మిగిలిన తాడు.

ఇదీ ఓర్లీన్ ఈ మంగళవారం సాయంత్రం నీలం రంగు పని చొక్కా కూడా మార్చుకోకుండా, చంకలో ప్లాంటు రోజువారీ లెక్కలు రాసే లాగ్‌బుక్కూ, చేతిలో గోధుమరంగు గాజు జాడీ పట్టుకుని కౌన్సిల్ హాలుకి వచ్చిపడ్డానికి కారణం.

"మిస్ ఓర్లీన్," అన్నాడు అప్‌చర్చ్, తేనె పూసిన గొంతుతో. రెండేళ్ల కిందట రాజధాని నుంచి వచ్చినవాడు, మర్యాదకి లోటుండదు. "మీ బాధ మాకు అర్థమవుతోందండీ. కానీ నీలిపిట్ట విషయం బహిరంగంగా మాట్లాడ్డానికి లేదు. రహస్య ఒప్పందం మీద సంతకాలు పెట్టాం."

నీలిపిట్ట అంటే ఏమిటో మీకు తెలియకపోతే తప్పు మీది కాదు. ఊళ్ల పెద్దలు కంపెనీలతో బేరమాడేటప్పుడు కంపెనీ పేరు పైకి అనకూడదట. అందుకని ఒక దొంగపేరు పెట్టుకుంటారు. హాల్లో నూట యాభై మంది కంచరగాడిద బొమ్మ చొక్కాలేసుకుని కూర్చున్నారు. అప్‌చర్చ్ మటుకు నీలిపిట్ట అంటాడు.

"నీలిపిట్టకి నాలుగు కాళ్లూ ఒంటి చెవీ ఏమిటి నాయనా?" వెల్డా మే ముందు వరసలోంచి అడిగింది. "మేం రెండు వేలు కాల్చాం, ఒక్కదానికీ రెక్కలు రాలేదు."

హాలు గొల్లుమంది. హోబర్ట్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. "నిశ్శబ్దం! ఓర్లీన్ గారూ, మీకు మూడు నిమిషాలు. అందులో ఒకటి అయిపోయింది. కానివ్వండి."

ఓర్లీన్ గారూ అట. బళ్లో ఆమె పక్క బెంచీ మీద కూర్చుని లెక్కలు కాపీ కొట్టినవాడు, చర్చిలో ఆమె పక్కనే నిలబడి పాడేవాడు! బల్ల మీద గుమాస్తా పెట్టిన దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. ఒక నిమిషం మిగిలిందనగా పసుపు, మూడు నిమిషాలవగానే ఎరుపు. ఎరుపొస్తే నోరు మూసుకుని వెళ్లి కూర్చోవాలి. అది ఆ హాలు ఆచారం.

"మూడు ప్రశ్నలు," అంది ఓర్లీన్, అప్‌చర్చ్ వైపు తిరిగి. "పరీక్షకు పంపిన నీళ్లు ఎవరు పట్టారు?"

"నేనే పట్టాను."

"ఎక్కడ?"

"ఇక్కడే, మేడ మీద, నా గది పక్కన కుళాయిలో. చాలా మంచి సీసాలో పట్టానండీ. ఊరి ముద్ర చెక్కించిన గాజు సీసా."

"సీసా సంగతి సరే. ఏ రోజు?"

అప్‌చర్చ్ ఫోన్ తీసి వేలితో పైకీ కిందికీ జరిపాడు. "మార్చి పన్నెండు."

హాల్లో ఒక్కసారిగా అందరూ ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. ఎవరో మగగొంతు వెనకనుంచి, "ఓరి నీ దుంపతెగ, కడుగుడు నెలలోనా!" అంది.

స్పర్లాక్‌లో పుట్టిన ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు. ఊరి గొట్టాలు రైలు కార్ఖానా కోసం వేసినవి. ఏనుగులు పట్టే గొట్టాలు. ఇప్పుడు వాటిలో పారేది పిల్లకాలువంత. నీళ్లు రోజుల తరబడి నిలవుంటాయి. అందుకని పదకొండు నెలలు క్లోరిన్‌లో కాస్త అమోనియా కలిపి వేస్తారు. ఘాటు తెలియదు, ఎక్కువ రోజులు కాపాడుతుంది. ఏడాదికి ఒక్క నెల, మార్చిలో, అమోనియా ఆపేసి ఉత్త క్లోరిన్ గట్టిగా దట్టించి, వీధి వీధినా మంటలార్పే పెద్ద కుళాయిలు విప్పి, గొట్టాల లోపలి పాచి కడిగేస్తారు. ఆ నెల కుళాయి తిప్పితే ఈతకొలను కంపు. ఆ నెల ఊళ్లో ఎవరూ కుళాయి కింద నేరుగా కాఫీ గిన్నె పెట్టరు. ముందురోజే పట్టి మూత లేకుండా వదిలేస్తారు, తెల్లారేసరికి ఘాటు చాలావరకు పోతుంది. అత్తగారు కొత్త కోడలికి చెప్పే మొదటి సంగతుల్లో ఇదొకటి.

సీసా నీళ్లు తాగేవాడికి ఇది ఎవరు చెప్పాలి?

"నాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు అప్‌చర్చ్. మొహంలో తేనె తగ్గింది.

"పసుపు కాగితం మీద అచ్చేయించి ప్రతి ఇంటి బిల్లుతో పంపాను. నీ గది తలుపుకి నా చేత్తో అంటించాను."

"పసుపు కాగితమా? అది... ఏదో గొట్టాల మరమ్మతు అనుకుని..."

"అనుకుని?"

"దాని మీద నీలిపిట్ట సమావేశం నోటీసు అంటించాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దీపం ఎర్రబడింది.

"సమయం అయిపోయింది," అన్నాడు హోబర్ట్ గబగబా. అతని గొంతులో ఊరట వినబడింది. "తర్వాత ఎవరు?"

గుమాస్తా మాట్లాడేవాళ్ల జాబితా చూసింది. "వెల్డా మే రాట్లిఫ్."

వెల్డా మే కర్ర పోటేసుకుని లేచింది. లేవడానికే అర నిమిషం పట్టింది. "నా మూడు నిమిషాలు ఓర్లీన్‌కి ఇచ్చేస్తున్నా," అని మళ్లీ కూర్చుంది.

గుమాస్తా తర్వాత పేరు చదివింది. బిస్కెట్లు కాల్చిన ఇంకో ఆవిడ లేచింది. "నావీ." తర్వాత రైలు కార్ఖానాలో వెల్డింగ్ చేసిన ముసలాయన. "నావి కూడా." జాబితాలో పన్నెండు పేర్లుంటే పన్నెండూ ఓర్లీన్ చేతిలో పడ్డాయి. ఆమె పళ్లు బిగించి కిందికి చూస్తూ నిలబడింది. ఐదు రోజులుగా ఆమె బజారులో తలొంచుకు నడిచింది. పాలసీసా కొనడానికి పక్క ఊరికి పోయింది. ఇప్పుడు ముప్పయ్యారు నిమిషాలు! కళ్లలో నీళ్లొస్తే వీళ్లముందు చచ్చినా తుడుచుకోకూడదనుకుంది. తుడుచుకోలేదు.

గుమాస్తా దీపాన్ని మళ్లీ ఆకుపచ్చకి తిప్పింది. మేయర్ చెప్పకుండానే తిప్పింది. అది కూడా రాసిపెట్టుకోండి.

"హోబర్టూ," అంది ఓర్లీన్. గారూ లేదు, గాడిదగుడ్డూ లేదు. "ఈయన పైనుంచి ఊడిపడ్డాడు, తెలియదు. నీకు తెలుసు కదా? మార్చిలో మీ అమ్మ నీళ్లు పట్టి పెట్టుకునేది కదా?"

"ఏ రోజు పట్టాడో నాకు చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

హోబర్ట్ సుత్తిని అటూ ఇటూ తిప్పాడు.

"సరే, ప్లాంటుకి ఒక ఫోన్ చేసి, అమ్మాయ్, మంచి నీళ్లు నాలుగు సీసాలు పట్టి పంపు అని ఎందుకు అడగలేదో చెప్పు. నేను పట్టనా? గాజు సీసా ఉడకబెట్టి, ఊట దగ్గర, ప్లాంటు దగ్గర, ఊరి చివర, మూడుచోట్లా పట్టి, తేదీలు రాసి మరీ పంపేదాన్ని."

అప్‌చర్చ్ కల్పించుకున్నాడు. "మీరు రహస్య పత్రం మీద సంతకం చెయ్యలేదండీ. ఎందుకు కావాలో మీకు చెప్పడానికి వీల్లేదు. చెబితే ఒప్పందం చెల్లదు."

ఇదీ మన పెద్దల తెలివి. స్థలం ఊరికే ఇస్తామన్నారు. పదిహేనేళ్లు పన్ను వద్దన్నారు. రోడ్డు వేసి పెడతాం, దీపాలు పెట్టిస్తాం, పేరు మారుస్తాం, తోకాడిస్తాం అన్నారు. ఊరి దగ్గర నిజంగా ఉన్నది ఒక్కటే, కొండ కడుపులోంచి ఊరే నీళ్లు. ఆ నీళ్ల గురించి తెలిసిన ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. రహస్యం కాపాడుతున్నారట! ఎవరి దగ్గర? ఊరి దగ్గరే.

"ఇంక వినండి," అంది ఓర్లీన్. "మీరు నాకు చెప్పలేదు కాబట్టి నేనే కనుక్కున్నా. నిన్న పొద్దున్న ఒంటిచెవి సీసా ఒకటి కొన్నాను. నేను తాగను, మా ఆయనకి ఇచ్చా. దాని వెనక అంటించిన చీటీ మీద ఒక నంబరుంది. బీరు బాగోలేకపోతే ఫోన్ చెయ్యమని. చేశా. పీపాలు కడిగే పిల్ల ఎవరో ఎత్తింది. నీళ్ల మనిషిని, మీ నీళ్ల మనిషితో మాట్లాడాలి అన్నా. ఆ పిల్లకి అర్థమైంది. ఈ బల్ల దగ్గర కూర్చున్న ఎవరికీ అర్థంకానిది ఆ పిల్లకి ఒక్క ముక్కలో అర్థమైంది. గంటలో బీరు కాచే పెద్దావిడ తిరిగి ఫోన్ చేసింది. సోల్‌బర్గ్ అని. ఇప్పుడు ఆష్‌మోర్‌లోనే ఉంది, ఇక్కణ్ణుంచి మూడున్నర గంటల దారి."

అప్‌చర్చ్ మొహం సున్నం కొట్టినట్టయింది. "మీరు నీలి... మీరు వాళ్లతో నేరుగా మాట్లాడారా?"

"నలభై నిమిషాలు. పన్ను మాట ఒక్కసారి రాలేదు. మొత్తం నీళ్ల గురించే." ఆమె లాగ్‌బుక్ తెరిచింది. "వాళ్లు మీకు ఒక ఫారం పంపారు. అందులో పద్నాలుగో గడి. మీ ఊరి నీళ్లు చూసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు రాయండి అని. అందులో ఎవరి పేరుంది?"

అప్‌చర్చ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరి పేరుంది నాయనా?" వెల్డా మే మెత్తగా అడిగింది, సండే స్కూల్లో పిల్లాణ్ణి అడిగినట్టు.

"నాది," అన్నాడు అప్‌చర్చ్.

"వాళ్లు ఆ నంబరుకి ఫోన్ చేశారు," అంది ఓర్లీన్. "నీళ్లలో ఘాటు ఉంది, ఏడాదిలో ఏమైనా మార్పులుంటాయా, ఎవరినైనా అడిగి చెబుతారా అని. ఏమన్నావు?"

అప్‌చర్చ్ టై ముడి సడలించుకున్నాడు. మనిషి ఒక్క క్షణంలో చిన్నవాడైపోయాడు. ముప్పయ్యేళ్లు దాటవు అతనికి, ఆ టై వల్ల నలభై అనిపిస్తాడు. "ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయన్నాను. నికరంగా ఉంటాయంటే మంచిదనుకున్నాను. మంచి మాటే కదా అనుకున్నాను."

"మంచి మాటే. అబద్ధం." ఓర్లీన్ గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. "సోల్‌బర్గ్ ఏమందో అలాగే చెబుతా. అమ్మా, క్లోరిన్ మాకు లెక్కలోది కాదు, ఏ ఊళ్లోనైనా ఉంటుంది, బొగ్గు వడపోత పెట్టి తీసేస్తాం, కానీ దేనికెంత పెట్టాలో తెలియాలి కదా అంది. వాసన ఉందని మీ ఊరిని కొట్టెయ్యలేదు, ఎందుకుందో మీ ఊళ్లో ఒక్కరికీ తెలియదనుకుని కొట్టేశాం అంది. నీళ్లు తెలియని ఊళ్లో బీరు ఎలా కాస్తాం అంది."

ఆ మాట హాలంతా తిరిగి, ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. తెలియదట! కాఫీకి నీళ్లు ముందురోజే పట్టి పెట్టుకునే ఊరికి తెలియదట!

ఓర్లీన్ గోధుమరంగు జాడీ మూత తీసింది. "ఇవి ఇవాళ పొద్దున్న పట్టినవి. కడుగుడు నెల అయిపోయి రెండు వారాలైంది. ఇలాంటి జాడీలు ఇంకో ఆరు బయట నా బండిలో మంచులో పెట్టి ఉన్నాయి." వేదిక ముందుకి నడిచి, గార్నెట్ ముందున్న ఖాళీ గ్లాసులో పోసింది. "తాగు."

గార్నెట్ అందరి మొహాలూ చూసి, వాసన చూసి, ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేశాడు.

"ఏమంటావు?"

"ఏమనడానికి ఏముంది ఓర్లీనక్కా," అన్నాడు గార్నెట్ సిగ్గుపడుతూ. "ఇంటి నీళ్లు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆమె చెయ్యెత్తి ఆపేసింది. పొగడ్తలకి వ్యవధి లేదు.

"సోల్‌బర్గ్ ఒక్కటే మాటిచ్చింది. కార్ఖానా ఇస్తానని కాదు. శుక్రవారాన్ని ఆపుతానంది. ఎల్లుండి గురువారం మధ్యాహ్నంలోగా ఈ నీళ్లూ, నా ఇరవయ్యారేళ్ల లాగ్‌బుక్కులూ ఆవిడ చేతిలో పడితే, మళ్లీ కాచి చూసేదాకా ప్రకటన వాయిదా వేయిస్తానంది. కానీ ఇంకో కాగితం కావాలి. ఊరు ముద్ర వేసి చెప్పాలి. మేం ముందిచ్చిన జవాబు తప్పు, నీళ్లు పట్టిన రోజు తప్పు, ఇకమీదట నీళ్ల సంగతి నీళ్ల మనిషే చెబుతుంది అని. రహస్యంగా కాదు, సభలో. నేనొక్కదాన్నే పరుగెత్తుకెళ్తే, ఉద్యోగం పోతుందని ఏడ్చే ఆడమనిషి ఎవరో వచ్చిందనుకుంటారు వాళ్ల యజమానులు. ఊరు చెబితే వింటారు."

"అది ఇవాళ సభలో చర్చించాల్సిన సంగతుల జాబితాలో లేదు," అన్నాడు హోబర్ట్. "జాబితాలో లేని సంగతి ఎత్తుకోవాలంటే ఐదుగురూ ఒప్పుకోవాలి. ఐదుగురూ. లేకపోతే రెండు వారాల తర్వాత సభలో."

"నిబంధన నాకు తెలుసు. అందుకే ఐదుగురినీ అడుగుతున్నా."

గార్నెట్ చెయ్యి అందరికంటే ముందు లేచింది. పక్కనున్న పళ్ల డాక్టరు ఒక క్షణం ఆలోచించి ఎత్తాడు. బడి బస్సు నడిపే ఆవిడ రెండు చేతులూ ఎత్తి, ఒకటి దింపుకుంది. నాలుగో ఆయన కునుకు తీస్తున్నట్టు కనిపించాడు గానీ, చెయ్యి మాత్రం నిటారుగా లేచింది.

నాలుగు.

ఇంకో చెయ్యి కూడా లేచింది, గోడ దగ్గర. అప్‌చర్చ్‌ది. కౌన్సిల్‌లో అతనికి ఓటు లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. "ఆ కాగితం నేను రాస్తాను," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "తప్పు నాదని రాస్తాను. పద్నాలుగో గడిలో ఆవిడ పేరు పెడతాను. పంపిస్తే... ఆ జాడీలు మొయ్యడానికి నేనూ వెళ్తాను."

"టై తీసేసి రా," అంది ఓర్లీన్. అంతకంటే మెచ్చుకోలు ఆమెకి రాదు.

ఇక హోబర్ట్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. అతని చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి, మేకు కొట్టినట్టు.

"హోబర్టూ. చెయ్యి."

"ఓర్లీన్, నువ్వు అర్థం చేసుకోవాలి," అన్నాడతను. గొంతు మేయరుది కాదు, పక్క బెంచీవాడిది. "పదకొండేళ్లుగా చూస్తున్నా. ఒకడు టైర్ల ఫ్యాక్టరీ అన్నాడు, ఒకడు గిడ్డంగులన్నాడు. ప్రతిసారీ బ్యానర్లు కట్టాం, ప్రతిసారీ నేనే విప్పించాను. ఇంకోసారి ఈ జనానికి ఆశపెట్టి, ఇంకోసారి... నా వల్ల కాదే."

"ఆశ నువ్వు పెట్టక్కర్లేదు. వాళ్లే తెచ్చుకున్నారు, ముప్పయ్యారు నిమిషాల ఆశ. నువ్వు చెయ్యెత్తితే చాలు."

అతను ఎత్తలేదు. ఓర్లీన్ లాగ్‌బుక్ అతని ముందు పెడదామని వేదిక మీదికి వంగింది. అప్పుడు కనిపించింది. అతని ఎడమ అరచెయ్యి కింద ఒక కాగితం. చెయ్యి కదపకపోవడానికి కారణం అది. కౌంటీ నీళ్ల బోర్డు ముద్ర పైన. బక్‌హార్న్ ప్లాంటు మూసివేత, ఊట హక్కుల బదిలీ. అడుగున సిరా ఆరిన సంతకం, హోబర్ట్ జె. సైజ్‌మోర్. తేదీ పోయిన శుక్రవారం. చర్చి హాల్లో ఉత్తరం చదివిన మర్నాడు.

ప్లాంటు ఒక్కటే కాదు. ఊట కూడా.

కంపెనీ సంగతి తేలేదాకా దాని జోలికి పోనని మాటిచ్చిన మనిషి! ఊట లేకపోతే ఆ జాడీల్లో నీళ్లు ఎవరివి? సోల్‌బర్గ్‌కి ఏం చెబుతుంది?

కాగితం పక్కనే కవరుంది. చిరునామా రాసి ఉంది, స్టాంపు అంటించి ఉంది. మూత మాత్రం ఇంకా అంటించలేదు. నాలుగు రోజులుగా ఆ కవరు అంటించడానికి చెయ్యి రాని మనిషి మొహంలోకి ఆమె చూసింది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆమెకి భయం పోయింది.

మైకు వెనకే ఉండిపోయింది. ఆమె మామూలు గొంతుతోనే అంది, హాలంతా వింది.

"ఊటని కూడా రాసిచ్చేశావు కదరా హోబర్టూ. కానీ కవరు అంటించలేదు. అంటే నీలో ఇంకా ఒక మనిషున్నాడు, నేను వాడితో మాట్లాడుతున్నా. ఎడమచేత్తో ఆ కాగితం తీసి, వీళ్లందరి ముందూ చించు. కుడిచెయ్యి పైకెత్తు. రెండూ ఇప్పుడే. నా బండిలో మంచు కరిగిపోతోంది."